మోతీ బకెట్టు

ఫ్రిజ్‌లో ఒక్క సీసా నింపని మొగుడు, చచ్చిపోయిన గుర్రానికి మాత్రం రోజూ పడుకునే ముందు బకెట్టు నింపుతున్నాడని ప్రిస్కిల్లా ఫిర్యాదు.

పెళ్లి బరాత్‌లకు తిప్పి వదిలేస్తే ఆ మొగుడు విజయ్ కుమార్ తెచ్చుకున్న ముసలి గుర్రం, మోతీ. పోయిన ఆదివారం పొద్దున తార్నాకలో, యూనివర్సిటీ క్వార్టర్స్ వెనక షెడ్డులో చచ్చి పడి ఉంది. నీళ్లు చాలక పేగు బిగిసిందన్నాడు పశువుల డాక్టరు.

"రాత్రి నీళ్లు పెట్టావుగా?" అప్పుడు ప్రిస్కిల్లాని అడిగాడు విజయ్ కుమార్.

"పెట్టానండీ."

ఈ రాత్రి షెడ్డులోంచి గుటకల చప్పుడు వచ్చింది. ప్రిస్కిల్లా వెళ్లి టార్చి వేసింది. బకెట్టు అంచుదాకా నిండుగా ఉంది. నీళ్లు కదలడం లేదు. గుటకలు ఆగడం లేదు.

"రోజూ వింటున్నా," వెనక నుంచి విజయ్ కుమార్ గొంతు. "ఎంత పెట్టినా దాని దాహం తీరట్లేదు ప్రిస్కీ."

ప్రిస్కిల్లా టార్చి ఆర్పేసింది.

"ఆ రాత్రి నీళ్లు పెట్టలేదండీ. బద్ధకించాను. తప్పు నాదే."