పదో మేకు

"మేకు నిలబెట్టడానికి మైనమా? ఇదెక్కడి వేషం బావా?"

సూపర్‌వైజర్ ఆ మాట షెడ్డంతా వినబడేలా అన్నాడు. బావ తల ఎత్తలేదు. మైనం ముద్దలో గుచ్చిన మేకును పెట్టె మూత మీద అతికించి, సుత్తి అందుకున్నాడు.

కుర్చీలూ మంచాలూ చేసే కార్ఖానా అది. యజమాని నాలుగు రోజులు గడువిచ్చాడు. ఏదో ఒక్క పని చేతనవుతుందని తేలితే బావకు కొలువు. లేకపోతే ఇంటికి. తేల్చాల్సినవాడు సొంత బావమరిదే.

మొదటి రోజు ప్యాకింగు. బావ పళ్లతో లాగి బిగించిన ముడి వీధి మలుపు తిరక్కుండానే ఊడింది. స్టూలు రోడ్డున పడి కాలు విరిగింది.

"ముడెయ్యడం కూడా నేర్పాలా నీకు? బడికెళ్లే పిల్లలు నయం."

రెండో రోజు వార్నిష్. డబ్బాను మోకాళ్ల మధ్య ఇరికించి మూత తిప్పబోతే సగం ప్యాంటు మీదే ఒలికింది.

మూడో రోజు రసీదులు రాయమన్నాడు.

"ఇవి అక్షరాలా? బొద్దింక సిరాలో పడి లేచి పారిపోయినట్టుంది. ఎంత దాకా వెలగబెట్టావు చదువు?"

"నాలుగో తరగతి. నీకు తెలుసుగా."

"తెలిసే మా అక్కనిచ్చారు చూడు, వాళ్లననాలి."

గుమస్తా కిసుక్కున నవ్వాడు. అతను చేరి రెండు నెలలే. పాతవాళ్లెవరూ నవ్వలేదు. చిత్రిక పడుతూ తలలు దించుకున్నారు.

ఇవాళ ఆఖరి రోజు. పది మేకులు. ఒక్కటీ వంగకూడదు.

షెడ్డు మూల పెద్ద రంపం ఆగి ఉంది. ఒక మేస్త్రీ దానికి బ్లేడు మారుస్తున్నాడు. బ్లేడు మార్చేవాడు ముందుగా ఫ్యూజు పీకి తన జేబులో వేసుకోవాలి, తిరిగి పెట్టేదీ అతనే. అక్కడ అదొక పాత కట్టుబాటు. గోడ మీద రంగుతో రాసి కూడా ఉంది.

బావ మెల్లగా ఒక దెబ్బ వేశాడు. మైనం గీకేశాడు. మళ్లీ మూడు దెబ్బలు. మేకు నిలువునా దిగింది.

రెండు. మూడు. ఆరు. చెమట కంట్లోకి దిగితే సుత్తి కింద పెట్టి, తుడుచుకుని, మళ్లీ సుత్తి పట్టాడు. ఎనిమిది. తొమ్మిది.

చిత్రికల చప్పుడు ఆగిపోయింది. అందరూ చూస్తున్నారు.

సూపర్‌వైజర్ వచ్చి పెట్టెకు మోకాలు ఆనించి నిలబడ్డాడు. సుత్తి దిగేసరికి పెట్టె కదిలింది. పదో మేకు వంగింది.

"పది అన్నాను, తొమ్మిది కాదు. ఇక లే."

"పెట్టె నువ్వే కదిపావురా."

"వంకలకేం తక్కువ లేదు. ప్రతి పనిలోనూ ఓనమాలే! ఎన్నాళ్లు భరించాలి నిన్ను? నువ్వు కళ్లెదుట తిరుగుతుంటే నాకు పని సాగదు, అంతే. అక్కకు నేను చెప్పుకుంటాలే, పో."

బావ లేచాడు. పొడుగు చేతుల చొక్కా దులుపుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి, రంపం వైపు తిరిగాడు.

"ఫ్యూజు ఎవరి జేబులో ఉంది?"

రంపం మీద వంగి ఉన్న మేస్త్రీ ఉలిక్కిపడి జేబు తడుముకున్నాడు.

"నా దగ్గరే ఉంది గురూగారూ."

"ఇంకోటి ఎవరి దగ్గరా లేదుగా?"

సూపర్‌వైజర్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

నిరుడు ఇదే రంపానికి హెడ్ మేస్త్రీ హోదాలో బావ బ్లేడు మారుస్తుంటే, అతని జేబులో ఫ్యూజు ఉండగానే తొందరపడి ఇంకోటి తగిలించి స్విచ్ వేసి, బావ కుడిచేతిని మణికట్టు దాకా తెగ్గొట్టింది ఈ బావమరిదే.