చెవిలో చుక్కెడు నీళ్ళు

చింతతోపులో కోతులకు ఒక ఆచారం ఉండేది. పెద్దరికం కావాలన్న కోతి బురదగుంట మీది కొమ్మపై ఏడుసార్లు గిరగిరా తిరిగి, పడకుండా కొమ్మ చివరిదాకా నడవాలి. పడితే ఆశ వదులుకోవాల్సిందే.

ఈసారి సింగారం వంతు. పెద్దరికం గురించి వాడు కనని కల లేదు. మబ్బుల్ని చూసినా తన తలపాగాలే అనిపించేవి.

"నాయనా, తిరిగాక కాస్త ఆగి అడుగెయ్యి," అంది పక్క కొమ్మకి వేలాడుతున్న ముసలి గబ్బిలం. "చెవి లోపల చుక్కెడు నీళ్ళుంటాయి. నువ్వు ఆగినా అవి వెంటనే ఆగవు. అవి కుదుటపడితేగాని ఏది పైనో ఏది కిందో నీకు తెలీదు."

"తలకిందులుగా వేలాడేదానివి, నువ్వా నాకు నిలబడడం నేర్పేది? చెవులున్నది జేజేలు వినడానికే అవ్వా!" అన్నాడు సింగారం.

"జై సింగారం!" అంటూ కోతులు ఈలలేశాయి. ఆ తీపికి వాడు ఇంకో మూడుసార్లు ఎక్కువే తిరిగి, ఆగకుండా అడుగేశాడు. కొమ్మే పక్కకి జరిగినట్టనిపించింది. దభీమని బురదలో పడ్డాడు.

అంతలో ఒక కోతి, "ఆహా, కప్పల్ని పలకరించడానికి స్వయంగా దిగారు మన దొరగారు!" అంది.

సింగారం రెండు చెవుల నిండా బురదే. అయినా ఆ మాట మాత్రం ఎంత చక్కగా వినబడిందో! వాడు నవ్వుతూ కప్పలకి చెయ్యి ఊపాడు.