గాటున్న కంచం

ఆ పొద్దున కొల్లేటి మీద మబ్బు బాగా కిందికి దిగి ఉంది. చినుకు మాత్రం రాలడం లేదు.

సువార్తమ్మ పాస్టరుగారిచ్చిన ప్రార్థన నూనెను ముంజేతికి గట్టిగా రుద్దుకుంటోంది. మొన్న ఏలూరు ఆసుపత్రిలో టీబీ ఉందో లేదో చూడ్డానికి నర్సు ఆ చోటే సూది వేసి, చుట్టూ పెన్నుతో సున్నా గీసింది. ఇప్పుడక్కడ రూపాయి బిళ్లంత వాపు.

"రుద్దొద్దన్నారు కదక్కా!" అరుగు మీద నుంచి తోడికోడలు నిర్మల అంది.

"నువ్వు చెప్పొచ్చావులే. ఇది పొంగితే టీబీ అంట. అప్పుడు కీళ్ల నొప్పులకి ఇస్తామన్న ఆ ఇంజెక్షను చెయ్యరంట. నా వేళ్లు ఇలాగే వంకరపోయి, చేప తోమడానిక్కూడా పనికిరాకుండా పోవాలా?"

నిర్మలకు టీబీ నయమై ఏడాది దాటింది. అయినా ఆమె తిండి అరుగు మీదే, అంచుకు మేకుతో గాటు పెట్టిన కంచంలోనే. సువార్తమ్మ ఎత్తు నుంచి వడ్డించి లోపలికి వెళ్లిపోతుంది.

నిర్మలను తోడు తీసుకుని ఆసుపత్రికి వెళ్తే, డాక్టరు ఆ చెయ్యి చూసి నవ్వాడు. "సున్నా ఏదమ్మా?"

"చెరిగిపోయిందండీ."

"సున్నా చెరిపితే వాపు పోతుందా?" స్కేలు పెట్టి కొలిచాడు. "లోపల టీబీ నిద్రపోతోంది. ఈ కొత్త ఇంజెక్షను కీళ్ల నొప్పి తగ్గించడానికి ఒంట్లో కాపలాని పక్కకి తప్పిస్తుంది. కాపలా లేకపోతే అది లేచి కూర్చుంటుంది. ముందు దానికి మాత్రలు వాడాలి. ఇంజెక్షను తర్వాత. ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చిందా?"

"ఇదిగోండి, దీనికే! దీని వల్లే నాకూ అంటుకుంది."

నిర్మల తల దించుకుంది.

డాక్టరు మొన్న తీసిన సువార్తమ్మ ఎక్స్‌రేని వెలుతురుకి పట్టాడు. "ఈవిడ మీ ఇంటికొచ్చి ఎన్నాళ్లయింది?"

"ఆరేళ్లండి."

"ఈ మచ్చ సున్నంలా గట్టిపడిపోయింది. చాలా పాతది. మీ చిన్నప్పుడు ఇంట్లో ఎవరైనా దగ్గేవారా?"

సువార్తమ్మ ముంజేతి వాపుని చెంగుతో కప్పుకుంది.

"మా నాన్నండీ. అమ్మ ఆయనకి అరుగు మీద వేరే కంచం పెట్టేది. ఒక్కడే తింటున్నాడని నేనెళ్లి అందులోనే తినేదాన్ని."

"కంచం వల్ల రాదమ్మా, దగ్గు వల్ల వస్తుంది. నిద్రపోతున్నది ఎవరికీ అంటదు."

ఇద్దరూ బస్సెక్కి, దిగి పడవెక్కారు.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. నిర్మల అలవాటుగా అరుగు మీద కూర్చుంది. సువార్తమ్మ అన్నం, పొద్దున వండిన చేపల పులుసు తెచ్చి ఆ గాటున్న కంచంలో వంగి వడ్డించింది. లోపలికి వెళ్లలేదు. మోకాళ్లు పట్టుకుని మెల్లగా ఎదురుగా కూర్చుంది. వంకరవేళ్లతో చేప ముళ్లు తీసింది.

ఇద్దరూ తిన్నారు. కంచం మాత్రం ఒక్కటే.