వేరుశనగ చెక్క సంచులు

దివాకర్ సంగటి ముద్దలోంచి పొడవాటి వెంట్రుకను లాగి, కంచాన్ని దూరంగా నెట్టేశాడు.

"ఛీ! ఈడ కూడా ఇదేనా?"

భార్య పుష్పావతి ఉయ్యాల వదిలి పరుగున వచ్చింది.

"నాదేలే. కాన్పయినప్పటి నుంచి దువ్వెన పెడితే చాలు, కుచ్చులు కుచ్చులుగా ఊడొస్తాండాది."

"తలకు గుడ్డ కట్టుకోని వండకూడదా?"

అత్త నల్లమ్మ కంచం తీసేసింది. అటక మీంచి కొత్త స్టీలు పళ్లెం దించి, కడిగి, మళ్లీ వడ్డించింది.

దివాకర్ ఓడరేవులో కస్టమ్స్ ఇన్‌స్పెక్టర్. పోయిన వారం ఓడ ఎక్కబోతున్న కంటైనర్‌ను తెరిపించాడు. కాగితాల్లో ఉన్నది వేరుశనగ చెక్క. సంచులు కోస్తే ఆడవాళ్ల తలవెంట్రుకలు. చిక్కులు పడి, జిడ్డు కారుతూ, చచ్చిన పేలతో సహా. ఆ కంపు ఇంకా అతన్ని వదల్లేదు. బిడ్డను చూసే నెపంతో అత్తగారి ఊరికి వచ్చాడు గానీ, వచ్చిన పని వేరే.

"అత్తా, సంచుల మీద మీ ఉరవకొండ పేరుండాది. ఈడ జుట్టు పోగుచేసేది ఎవురు?"

"నాకేం తెలుసప్పా."

"అంతకు ముందు పోయిన కంటైనర్లకు సంతకం నాది. చూడకుండా వదిలినానని నా మీదికే వస్తాండారు. మనిషిని చూపించకపోతే నా ఉద్యోగం పోతాది."

వీధిలో సైకిల్ హారన్ మోగింది. వెంట గిన్నెల గలగల. నల్లమ్మ లేచి తలుపు వేసింది.

"దుమ్ము," అంది.

"మా, తెలిస్తే చెప్పరాదా?" పుష్పావతి ముఖం చిట్లించింది. "నీ అల్లుని కంటే ఆ గలీజోళ్లు ఎక్కువైపోయినారా?"

"కడుపుకు లేనోళ్లు ఏదో ఏరుకుంటారులేమ్మా."

"ఏరుకునేటోడు సరే, ఇచ్చేటోళ్లకేమొచ్చింది?" దివాకర్ ముద్దను చెనిక్కాయల చట్నీలో అద్దాడు. "తల నుంచి రాలిందాన్ని దాచిపెట్టి మరీ ఇస్తారంట. థూ! దాంతో వచ్చిందాన్ని ఎట్లా ముట్టుకుంటారో, ఆ ఇంట్లో కూడెట్లా దిగుతాదో!"

నల్లమ్మ ముఖం మాడిపోయింది. అల్లుడి చేతి వైపే చూస్తూ కూర్చుంది. అతను ముద్ద ముగించి, పళ్లెంలో మిగిలిన చట్నీని వేలితో ఊడ్చి నాకాడు.

"ఈ పళ్లెం బాగుండాదత్తా, మంచి బరువు. మాకూ ఇట్లాంటివి కావాల. యాడ కొంటివి?"

"కొనలేదు నాయనా, నీ పెండ్లాం జుట్టు ఇచ్చి తీసుకున్నా."