గుడి ముందు హారన్

బాలనర్సు కోపమంతా ట్రైనింగ్ మేనేజర్ వినీల్ మీదే. "కారు నిన్ను చూసి నేర్చుకున్నన్నాళ్లూ డ్రైవర్ సీటు నీదే" అని నమ్మించింది అతనే. తనంతట తాను నడిచే ఆ కారు తప్పు చేసినప్పుడల్లా బ్రేకు నొక్కి దిద్దడమే బాలనర్సు పని.

ఇవాళ మైసమ్మ గుడి రాగానే, అతని చెయ్యి లేవకముందే కారు నెమ్మదించి చిన్నగా హారన్ కొట్టింది. అది బాలనర్సుకు పాతికేళ్ల అలవాటు.

"నీకంటే దీనికే భక్తి ఎక్కువున్నది కొడుకా," అని వెనక సీట్లోని ముసలామె నవ్వింది.

డాష్‌బోర్డులోంచి వినీల్ గొంతు పలికింది. "అన్నా, ఇగ నేర్సుకునేది ఏం మిగల్లే. ముందట దిగిపోరి."

"అది నేను నేర్పలే సార్. చెయ్యి ఊకోక కొడ్తది."

"మాకు కావాల్సింది గదే అన్నా."

కారు పక్కకు ఆగి, అతని వైపు తలుపు తెరిచింది. ఈ సీటుకు డిపాజిట్ కట్టడానికి బాలనర్సు అమ్ముకున్నది మోమిన్‌పేటలో బావితో సహా పదహారు గుంటల పొలం.