మొగిలయ్య మీటర్

బొగ్గు గనిలో పేరుకునే ధూళిని కొలిచే ఆ మీటర్, మరమ్మతుకని కావ్య పనిచేసే నాచారం వర్క్‌షాపుకే వచ్చింది. పోయిన నెల కన్నుమూసిన ఆమె తండ్రి మొగిలయ్య ఏళ్లతరబడి వాడింది అదే. గోరంత ధూళి పొర కనబడినా, "ఒక్క నిప్పురవ్వ పడితే అందరం బోతం" అని మేనేజర్లకు ఎదురుతిరిగి పని ఆపించేవాడు. ఆపించాక ఒక్కసారి దగ్గి, కూర్చునేవాడు.

చీకటిపడ్డాక కావ్య వర్క్‌షాపు తలుపు తీసి, లైటు స్విచ్ వైపు చెయ్యి చాపింది. బల్ల మీది మీటర్ కూసింది. చెయ్యి వెనక్కి తీస్తే ఆగింది. మళ్లీ చాపితే మళ్లీ కూసింది.

దాని బ్యాటరీ ఆమె సంచిలోనే ఉంది.

స్విచ్ రవ్వకు అంటుకునే గ్యాసు వాసనేమీ తగల్లేదు. అయినా తలుపు బార్లా తెరిచి బయటికి నడిచింది.

"నీ కొలత ఎన్నడన్న తప్పిందా నాయినా? స్విచ్ ముట్టను తియ్యి."

లోపల కుర్చీ కిర్రుమంది. ఎవరో ఒక్కసారి దగ్గారు.