వాసన చూడు

అడవిలో కంటికన్నా ముక్కే ముందు నడుస్తుందని నా పుస్తకాల్లో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. మా అమ్మాయి ప్రణవి ఒక్క పేజీ కూడా చదవలేదు. ఈ కాలం పిల్లలందరికీ పెట్టినట్టే దానికీ పుట్టిన నెలలోనే కంటిపొర పెట్టారు. దేనివైపు చూసినా దాని రుచీ వాసనా అక్షరాల్లో కనబడతాయి. ముక్కున్నదాన్ని, నాకెందుకని నేను పెట్టుకోలేదు.

ఇవాళ పొద్దున్న ఊరంతా కంటిపొరలు పనిచేయడం మానేశాయి. నేను ఇంగువ పోపు వేస్తుంటే ప్రణవి పాలగ్లాసు పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"అమ్మా, ఈ పాలు బాగున్నాయో పాడయ్యాయో తెలియడం లేదే."

"వాసన చూడు."

గ్లాసులోకి తొంగి తొంగి చూసింది. "చూస్తూనే ఉన్నా. ఏమీ కనబడటం లేదు."

నవ్వబోయి ఆగిపోయాను. రుచి చూడు, వాసన చూడు, ముట్టి చూడు. మన భాషలో అన్నీ చూడటమే. ఆ ముచ్చట మీద ఒక అధ్యాయం రాసి తెగ మురిసిపోయాను కూడా. నా కూతురు ఆ మాటని ఉన్నదున్నట్టు నమ్మింది, అంతే.

స్టవ్ కట్టేసి, ఒక అరచేత్తో దాని కళ్లు మూశాను. రెండో చేత్తో గ్లాసు ముక్కు దగ్గర పెట్టాను.

"ఇప్పుడు చూడు."

గట్టిగా ఊపిరి పీల్చింది. మళ్లీ పీల్చింది.

"ఏం, పులిశాయా?"

"పాల సంగతి తెలీదు." కళ్ల మీదున్న నా చేతిని ముక్కు మీదకి లాక్కుంది. "అమ్మా, నువ్వు ఇలా ఉంటావా?"